తొడ ఎముక విరిగి తొమ్మిది రోజులైంది, ఇంకా ఆపరేషన్ కాలేదు. ఏం చేయాలి?

ములుగు రోడ్డు
సోమవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మా బావ గురించి అడుగుతున్నాను. వయసు 38, ములుగు దగ్గర పల్లె, మూడెకరాల రైతు. పోయిన శనివారం కాక అంతకు ముందు శనివారం, రాత్రి ఎనిమిదిన్నరకు వడ్ల కొనుగోలు కేంద్రం నుంచి బండి మీద ఇంటికి వస్తున్నాడు. రోడ్డు మీద సగం దాకా ఆరబోసిన వడ్ల కుప్ప ఉంది. దాని మీద నల్లటి తార్పాలిన్, అది గాలికి లేవకుండా చుట్టూ బండరాళ్లు. ఎదురుగా వచ్చిన లారీ వెలుగు కళ్లలో పడి కుప్ప కనబడలేదు. ముందు చక్రం రాయికి తగిలింది. కుడి తొడ ఎముక లోపలే విరిగింది. అదే కాలికి మోకాలి కింది ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. హెల్మెట్ ఉండబట్టి తలకు ఏమీ కాలేదు.

ఆటోలో వెనక సీటు మీద కాళ్లు ముడిచి కూర్చోబెట్టి దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ సెలైన్ పెట్టి, ఇంజెక్షన్ ఇచ్చి, వరంగల్ తీసుకెళ్లమని రాశారు. దారిలో మా చిన్నాన్న మాట విని ఒక ప్రైవేటు ఆసుపత్రి దగ్గర ఆగాం. ఎక్స్‌రే తీసి, ముందు లక్షన్నర కట్టమన్నారు. మాటల్లోనే రెండు గంటలు గడిచాయి. ప్రభుత్వ పెద్దాసుపత్రికి చేరేసరికి రాత్రి రెండున్నర. తెల్లవారాక గాయం కడిగి, పిక్క ఎముకకు బయటి నుంచి కడ్డీలు బిగించారు. తొడకు బరువు కట్టి మంచం చివర వేలాడదీశారు. అప్పటి నుంచి రేపు, ఎల్లుండి అంటున్నారు.

ఇంట్లో రెండు మాటలు నడుస్తున్నాయి. ఎకరం కుదువ పెట్టి హైదరాబాద్ తీసుకెళదామని చిన్నాన్న. డిశ్చార్జి చేయించి కట్టు కట్టే వైద్యుడి దగ్గరికి పోదామని పెద్దమ్మ. అక్క మాత్రం నా ముఖం చూస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పాత వార్డు సిస్టర్
సోమవారం, రాత్రి 10:40

తమ్ముడూ, ఎముకల వార్డులో 31 ఏళ్లు పనిచేసి రిటైరైన నర్సును. నువ్వు రాసినది చదువుతుంటే ఆ మంచం నా కళ్ల ముందే ఉంది. డబ్బు సంగతి రేపు చూద్దాం. ముందు వీటికి సమాధానం చెప్పు.

కాలి వేళ్లు కదుపుతున్నాడా? వేళ్లు వెచ్చగా ఉన్నాయా, చల్లగా ఉన్నాయా? గాయం నుంచి వాసన వస్తోందా? జ్వరం ఉందా? నడుము కింద, మడమ కింద చర్మం ఎర్రబడిందా? షుగర్ చూశారా? బీడీ కాలుస్తాడా?

ములుగు రోడ్డు
సోమవారం, రాత్రి 11:05

అక్కా, వేళ్లు కదులుతున్నాయి, వెచ్చగానే ఉన్నాయి. వాసన లేదు. మూడో రోజు జ్వరం వచ్చి తగ్గింది. మడమ దగ్గర కొంచెం ఎర్రగా ఉంది. షుగర్ లేదన్నారు. బీడీ రోజుకు ఒక కట్ట.

పాత వార్డు సిస్టర్
సోమవారం, రాత్రి 11:20

వేళ్లు కదులుతూ వెచ్చగా ఉన్నాయంటే చాలా నయం. మడమ మంచానికి ఆనకుండా పిక్క కింద మెత్తటి గుడ్డ మడిచి పెట్టండి. రెండు గంటలకు ఒకసారి నడుము ఎత్తించండి. పైన పట్టుకునే కడ్డీ లేకపోతే మంచానికి తాడు కట్టినా సరే. గంటకు పదిసార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదలమను, పడుకున్నవాడి ఛాతీలో నెమ్ము చేరితే మత్తు డాక్టర్ ఆపరేషన్‌కు ఒప్పుకోరు. రోజుకు రెండు గుడ్లు, పప్పు. బీడీ మాత్రం ఈ రోజే ఆపించండి. పొగ తాగేవాళ్ల ఎముక అతకడం ఆలస్యమవుతుంది, కొందరికి అసలు అతకదు. ఈ మాట అక్క చేత చెప్పించు, నువ్వు చెబితే వినడు.

ఎముకల పీజీ
మంగళవారం, ఉదయం 6:15

రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చి రాస్తున్నాను. ఏ ఆసుపత్రి అన్నది వదిలేయండి.

మీ బావగారికి రెండు వేర్వేరు దెబ్బలు. మోకాలి కిందిది బయటికి తెరుచుకున్న ఎముక. రోడ్డు మట్టి, పేడ, వడ్ల దుమ్ము అందులోకి వెళ్లి ఉంటాయి. దానికి మొదటి పని ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా యాంటీబయాటిక్, ధనుర్వాతం ఇంజెక్షన్. తరువాత చచ్చిన కండ తీసేసి సెలైన్‌తో బాగా కడగడం. మట్టి ఉన్న గాయంలో వెంటనే లోపల రాడ్డు పెడితే చీము పట్టే ప్రమాదం ఎక్కువ. అందుకే బయటి నుంచి కడ్డీలు బిగించారు. అది సరైన పనే, దాన్ని చూసి భయపడకండి.

తొడ ఎముక సంగతి వేరు. దానికి లోపల రాడ్డు వేయాలి, అది ఎంత ముందు పడితే అంత మంచిది. తొడ ఎముక విరిగితే బయటికి చుక్క రక్తం కనబడకపోయినా కండల్లోకి లీటరు, లీటరున్నర దాకా కారిపోతుంది. రాడ్డు వేస్తే మనిషి లేచి కూర్చుంటాడు, పక్కకు తిరుగుతాడు. పుండ్లు, నెమ్ము, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం, అన్నీ తగ్గుతాయి. తొమ్మిది రోజులు ఎక్కువే. దాన్ని సమర్థించను.

ఆలస్యం ఎక్కడ జరుగుతుందో చెబుతాను. ఉదయం జాబితాలో ఆరుగురి పేర్లు రాస్తాం. మొదటి ఆపరేషన్ జరుగుతుండగా కడుపులో పేగు పగిలిన మనిషి వస్తాడు, మత్తు డాక్టర్ అటు వెళతారు. ఇంకో టేబుల్ దగ్గర తలలో రక్తం గడ్డకట్టిన కుర్రాడు. విరిగిన తొడ రేపటి దాకా ఆగగలదు, పగిలిన పేగు ఆగలేదు. అలా రేపు ఎల్లుండి అవుతుంది. ఎక్స్‌రే చూపుతూ ఆపరేషన్ చేయించే సీ ఆర్మ్ యంత్రం ఒకటే ఉంటే దాని కోసం ఇద్దరం ఎదురుచూస్తాం. కొలతకు సరిపోయే రాడ్డు రావాలి. హీమోగ్లోబిన్ ఏడో ఎనిమిదో ఉంటే ముందు రక్తం ఎక్కించాలి.

కాబట్టి రేపు రౌండ్స్ సమయానికి మీరు మంచం దగ్గరే ఉండండి. యూనిట్ డాక్టర్‌ను ఈ నాలుగు అడగండి: హీమోగ్లోబిన్ ఎంత ఉంది, మత్తు డాక్టర్ పరీక్ష పూర్తయిందా, రాడ్డు వచ్చిందా, జాబితాలో పేరు ఏ రోజున ఉంది. రక్తం కావాలంటే మీ ఊరి కుర్రాళ్లను ఇద్దరిని తెచ్చి రక్తనిధిలో ఇప్పించండి. ఏ పని దగ్గర ఆగిందో తెలిస్తే ఆ పని కదిలించవచ్చు.

కాకతీయ తోరణం
మంగళవారం, ఉదయం 8:02

డాక్టర్ గారూ, మీరు చెప్పినది అర్థమైంది. నాకు అర్థం కానిది ఒకటి ఉంది. ఏటూరునాగారం నుంచి, భూపాలపల్లి నుంచి, మహబూబాబాద్ నుంచి అందరూ వరంగల్‌కే ఎందుకు రావాలి? ఉమ్మడి జిల్లా 2016లో విడిపోయింది. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో, 2024లో ములుగు, నర్సంపేటలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. బోర్డులు మారాయి. రాత్రి తొమ్మిది గంటలకు ఎముక బయటికి వచ్చిన మనిషి వస్తే కడిగి కడ్డీ బిగించగలిగే బృందం అక్కడ ఉందా లేదా అన్నదే నా ప్రశ్న. ఈయనకు సెలైన్ పెట్టి పంపేశారు. యాంటీబయాటిక్ ఇచ్చారో లేదో కూడా ఈయనకు తెలియదు.

ఎముకల పీజీ
మంగళవారం, మధ్యాహ్నం 2:30

మీ ప్రశ్న న్యాయమైనదే. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ ప్రపంచవ్యాప్త శస్త్రచికిత్స మీద నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో 500 కోట్ల మందికి అవసరమైనప్పుడు సురక్షితమైన, భరించగలిగే ఆపరేషన్ అందడం లేదని అందులో తేల్చారు. జిల్లా స్థాయి ఆసుపత్రి సత్తాను కొలవడానికి మూడు ఆపరేషన్లను గీటురాయిగా పెట్టుకున్నారు: సిజేరియన్, కడుపు కోసి చేసేది, తెరుచుకున్న ఎముకకు చికిత్స. ఈ మూడూ చేయగలిగిన చోట మిగతావి చాలావరకు చేయగలరు.

మన దగ్గర సిజేరియన్ జిల్లా కంటే కింది స్థాయి ఆసుపత్రుల దాకా వచ్చింది, అందుకు ఏళ్ల తరబడి వెంటపడ్డాం. ఎముక విషయంలో ఆ పట్టుదల కనబడదు. సర్జన్ ఉన్నచోట మత్తు డాక్టర్ ఉండరు. ఇద్దరూ ఉన్నచోట రాత్రి రక్తం దొరకదు. ఒక్కరు తక్కువైనా ఆపరేషన్ జరగదు, అంబులెన్స్ మాత్రం వరంగల్ వైపు కదులుతుంది.

108లో పదేళ్లు
మంగళవారం, మధ్యాహ్నం 3:10

నేను 108లో టెక్నీషియన్‌ని. ఆగస్టు 15, 2005న ఈ సేవ మొదలైంది, నేను చేరి పదేళ్లయింది. రోడ్డు మీద జరిగేది నేను చెబుతాను, ఎందుకంటే ఆసుపత్రి గుమ్మం దాకా రాకముందే సగం నష్టం జరిగిపోతుంది.

ఆటోలో కాళ్లు ముడిచి కూర్చోబెట్టారన్నారు. మంచి మనసుతోనే చేస్తారు, నేను తప్పు పట్టను. కానీ విరిగిన ఎముక అంచు కత్తిలాంటిది. ముడిచినప్పుడు అది పక్కనున్న రక్తనాళాన్ని, నరాన్ని కోసేస్తుంది. బండి దొరికే దాకా విరిగిన కాలిని బాగున్న కాలికి మూడు చోట్ల తువ్వాలుతో కట్టండి. మధ్యలో దిండో గడ్డి కట్టో పెట్టండి. ట్రాలీలోనైనా సరే, పడుకోబెట్టే తీసుకెళ్లండి.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. పసుపు, కాఫీ పొడి పోయకండి. అవన్నీ మళ్లీ కడిగి తీయాలి. బయటికి వచ్చిన ఎముకను లోపలికి నెట్టకండి. నీళ్లు, సోడా, టీ తాగించకండి. అందరూ చేసే పని ఇది. కడుపు నిండుగా ఉంటే మత్తు ఇవ్వడం ఆలస్యమవుతుంది, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషే పోతాడు.

ఇంకోటి. ఫోన్ చేసేటప్పుడు ఏ కిలోమీటరు రాయి దగ్గరో, ఏ ఊరి శివారో చెప్పండి. రాత్రిపూట 'పెద్ద మర్రిచెట్టు దాటాక' అంటే మేము వెతుక్కుంటూ పది నిమిషాలు పోగొట్టుకుంటాం.

పాకాల ఒడ్డు
మంగళవారం, రాత్రి 9:48

చదివి ఊరుకుందామనుకున్నాను, ఊరుకోలేకపోతున్నాను. నా స్నేహితుడు ఒకడు నర్సంపేట వైపు రోడ్డు మీద బండి జారి పడ్డాడు. హెల్మెట్ బండి అద్దానికి తగిలించి ఉంది. లేచి దుమ్ము దులుపుకున్నాడు. చెవి పైన చిన్న బొప్పి. హోటల్లో మాతో టీ తాగాడు, బిల్లు కూడా వాడే ఇచ్చాడు. ఇంటికి వెళ్లి తలనొప్పిగా ఉందని పడుకున్నాడు. అలసిపోయాడు, పడుకోనివ్వండి అన్నది నేనే. అర్ధరాత్రి గురక వింతగా వస్తోందని వాళ్లమ్మ లేపితే లేవలేదు. ఆసుపత్రికి చేరేసరికి అయిపోయింది. పదకొండేళ్లయింది. అంత బాగా మాట్లాడినవాడు ఎలా పోయాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఎముకల పీజీ
మంగళవారం, రాత్రి 11:30

మీ స్నేహితుడికి జరిగినది ఇదీ అని నేను చూడకుండా చెప్పలేను. కానీ మీరు రాసినది మేము తరచుగా చూసేదే. చెవి పైన కణత దగ్గర పుర్రె పలుచగా ఉంటుంది. దాని లోపలి వైపు ఒక ధమని ఆనుకుని వెళుతుంది. ఎముక చిట్లితే ఆ ధమని తెగి, పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరుతూ పోతుంది. మొదట్లో చోటు ఉంటుంది కాబట్టి మనిషి మామూలుగా మాట్లాడతాడు. చోటు నిండాక మెదడు నలుగుతుంది. ఆ మధ్యలో ఉన్న బాగుండే గంటల్లో స్కానింగ్ తీసి, పుర్రెకు రంధ్రం చేసి రక్తం తీసేస్తే చాలామంది మామూలు మనుషుల్లా ఇంటికి వెళతారు. ఆ గంటల్లో మీకు తెలిసే వీలు లేదు. చూసిన డాక్టర్లే కొన్నిసార్లు మోసపోతారు.

తలకు దెబ్బ తగిలినవాడికి తలనొప్పి పెరుగుతూ పోతున్నా, రెండుసార్లు వాంతి అయినా, మత్తుగా ఉన్నా, మాట తడబడినా, ఒక కంటిపాప పెద్దదిగా కనబడినా, ఒక వైపు చేయి బలహీనపడినా ఆ రాత్రి ఇంట్లో ఉంచకండి. మొదటి రాత్రి మధ్యమధ్యలో లేపి పేరు అడగండి.

పాకాల ఒడ్డు
మంగళవారం, రాత్రి 11:52

వాళ్లమ్మ ఇంకా ఉంది. మీరు రాసినది రేపు వెళ్లి చదివి వినిపిస్తాను.

గోదావరిఖని బిడ్డ
బుధవారం, ఉదయం 7:20

ములుగు రోడ్డు గారికి ఒక్క మాట. పెద్దమ్మ మాట వినకండి. మా మేనల్లుడికి తొమ్మిదేళ్లప్పుడు మోచేయి దగ్గర విరిగితే కట్టు వైద్యుడు వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టాడు. రాత్రంతా పిల్లవాడు ఏడ్చాడు, వేళ్లు ఉబ్బాయి. కట్టు పడితే అలాగే ఉంటుంది అన్నారు. మూడో రోజు విప్పితే వేళ్లు నల్లబడ్డాయి. చేయి నిలిచింది కానీ వేళ్లు ముడుచుకుపోయాయి. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు, ఎడమ చేత్తో రాస్తాడు.

రామప్ప నీడ
బుధవారం, ఉదయం 9:05

అందరికీ అలా జరగదండీ. మా నాన్నకు మణికట్టు దగ్గర విరిగితే కట్టుతోనే బాగయింది. వంద రూపాయలతో పోయింది. ఆసుపత్రికి వెళితే మూడు రోజుల కూలి పోతుంది, ఆటో ఖర్చు వేరే. పేదవాళ్లు తెలివిలేక అక్కడికి వెళుతున్నారనుకోకండి.

పాత వార్డు సిస్టర్
బుధవారం, ఉదయం 10:30

రామప్ప నీడ గారూ, మీ మాటలో నిజం ఉంది. పక్కకు తొలగని చిన్న ఎముక ఎవరు కట్టినా, కొన్నిసార్లు కట్టకపోయినా అతుకుతుంది. మీ నాన్నగారికి అదే జరిగి ఉంటుంది. కానీ తొడ ఎముక అలా కాదు. తొడ కండలు బలమైనవి, విరిగిన ముక్కలను ఒకదాని మీదికి ఒకటి లాగేస్తాయి. ఏ వెదురు బద్దా వాటిని ఆపలేదు. కాలు రెండు అంగుళాలు పొట్టిగా అతికి జీవితాంతం కుంటుతూ నడిచినవాళ్లను చూశాను. ఇక ఎముక బయటికి వచ్చిన కాలికి ఆకుపసరు కట్టు కడితే చీము పట్టి చివరికి మోకాలి పైనుంచి తీసేసిన సందర్భాలు నా సర్వీసులో నాలుగు. ఆ నలుగురి ముఖాలూ గుర్తున్నాయి.

ఎవరు కట్టు కట్టినా, పిండికట్టు అయినా సరే, వేళ్లు చాపితే భరించలేని నొప్పి, తిమ్మిరి, వేళ్లు చల్లబడడం కనబడితే కట్టు వెంటనే విప్పించాలి. తెల్లవారే దాకా ఆగకూడదు.

బ్లాంటైర్ నుంచి
బుధవారం, రాత్రి 8:15

హన్మకొండలో పుట్టి, ఏడేళ్లుగా ఆఫ్రికాలో మలావీ దేశంలో సర్జన్‌గా ఉన్నాను. ఈ చర్చ చదువుతుంటే నా వార్డే కనిపిస్తోంది. ఇక్కడ జిల్లా ఆసుపత్రుల్లో తొడ ఎముక విరిగినవాళ్లను ఆరు వారాలు, అంతకు మించి కూడా బరువు కట్టి పడుకోబెడతారు. అలా పడుకున్నవాళ్లలో ఎక్కువ మంది సంపాదించే వయసు మగవాళ్లు. వాళ్లు మంచం మీద ఉన్న ఆ రెండు నెలలూ ఇంట్లో పొయ్యి వెలగదు.

ఇక్కడి నుంచి మనం నేర్చుకోదగినవి రెండు ఉన్నాయి. ఒకటి, ఎంబీబీఎస్ కాని క్లినికల్ ఆఫీసర్లకు శిక్షణ ఇచ్చి జిల్లాల్లో ఎముకల పని అప్పగించారు. గాయం కడగడం, బరువు కట్టడం, పిండికట్టు వేయడం వాళ్లే చేస్తారు, బాగా చేస్తారు. రెండోది, సైన్ అనే సంస్థ తయారుచేసే రాడ్డు. అమెరికాలో డాక్టర్ లూయిస్ జిర్కిల్ 1999లో ఆ సంస్థను పెట్టారు. రాడ్డు లోపలికి వెళ్లాక దాని రంధ్రాలు ఎక్కడున్నాయో కనిపెట్టి మరలు బిగించడానికే సీ ఆర్మ్ కావాలి. ఈ రాడ్డుకు బయట అమర్చే కొలత చట్రం ఉంటుంది, దాని సాయంతో యంత్రం లేకుండానే మర బిగించవచ్చు. యంత్రం పాడైతే ఆపరేషన్ ఆగిపోయే చోట ఇది ఎంత పెద్ద విషయమో ఎముకల పీజీ గారికి తెలుసు.

2021లో ప్రపంచవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 11.9 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందులో నూటికి 92 మంది మనలాంటి పేద, మధ్యాదాయ దేశాలవాళ్లు. ఒక్క భారతదేశంలోనే 2022లో 1,68,491 మంది. ఇవి చావుల లెక్కలు. మీ బావగారిలా కాలు విరిగి మంచాన పడినవాళ్లు ఇందులో లేరు.

ఎముకల పీజీ
బుధవారం, రాత్రి 10:50

డాక్టర్ గారికి నమస్కారం. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్ గురించి కూడా చెప్పండి అనుకున్నాను, నేనే రాస్తున్నాను. 2010లో వచ్చిన క్రాష్-2 పరిశోధన 40 దేశాల్లో 20 వేల మందికి పైగా గాయపడినవాళ్ల మీద జరిగింది. దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు ఈ మందు ఇస్తే రక్తస్రావంతో చనిపోయేవాళ్లు తగ్గారు. మూడు గంటలు దాటాక మేలు లేదు. చవకైన మందు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఇవ్వవచ్చు. ప్రైవేటు ఆసుపత్రి గుమ్మంలో డబ్బు మాటలతో పోయిన ఆ రెండు గంటలు నన్ను బాధపెట్టింది అందుకే.

కోర్టు మెట్లు
గురువారం, ఉదయం 9:30

న్యాయవాదిని. ఆ రెండు గంటల గురించి. పరమానంద్ కటారా కేసులో 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది: ప్రభుత్వమైనా ప్రైవేటైనా, ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ముందు చికిత్స చేయాలి, పోలీసు కాగితాలు తరువాత. రోడ్డు ప్రమాద బాధితులకు నగదు లేకుండా చికిత్స అందించే పథకం 2025 మేలో కేంద్రం నోటిఫై చేసింది. పథకంలో చేరిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా లక్షన్నర వరకు ఖర్చు అదే భరిస్తుంది. మీకు ఆ గడువు దాటింది. ఇంకెవరికైనా ఉపయోగపడుతుందని రాస్తున్నాను. మీ విషయంలో ఆరోగ్యశ్రీ అడగండి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో దాని పరిమితి 10 లక్షలు.

గాయపడినవాణ్ని ఆసుపత్రికి చేర్చిన మనిషిని పేరు చెప్పమని, సాక్షిగా రమ్మని బలవంతపెట్టకూడదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ దీనికే. ఆటో అతనికి ఈ మాట చెప్పండి, మళ్లీ ఎవరైనా పడితే ఆగుతాడు.

బండి బీమా కాగితం తీయండి. యజమానే నడుపుతుంటే, లైసెన్సు ఉంటే, వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షల దాకా ఉండవచ్చు. అది మరణానికి, శాశ్వత వైకల్యానికి. ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేసే కేసుగా రాశారో లేదో చూసుకోండి. రోడ్డు మీద అడ్డంగా కుప్ప వేసినవాళ్ల మీద భారతీయ న్యాయ సంహిత 285 కింద కేసు పెట్టే వీలుంది.

ములుగు రోడ్డు
గురువారం, రాత్రి 9:15

అందరికీ దండం. వరుసగా చెబుతాను.

బుధవారం పొద్దున రౌండ్స్‌లో ఆ నాలుగు ప్రశ్నలూ అడిగాను. హీమోగ్లోబిన్ 7.4, అక్కడే ఆగింది. ఎవరూ మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. సాయంత్రానికి ఊరి నుంచి ముగ్గురు వచ్చి రక్తం ఇచ్చారు, రాత్రి రెండు యూనిట్లు ఎక్కించారు. ఈ రోజు మధ్యాహ్నం తొడకు రాడ్డు వేశారు. నాలుగు గంటలకు బయటికి తెచ్చారు. కడ్డీలు ఇంకో నెల ఉంటాయట, గాయం మీద చర్మం అతికించాల్సి రావచ్చన్నారు. ఆరోగ్యశ్రీలో రాశారు. ఎకరం కుదువ పెట్టలేదు. పెద్దమ్మే ఈ రోజు గుడ్లు ఉడకబెట్టి తెచ్చింది.

కేసు గురించి. ఆ వడ్లు బావ చిన్ననాటి స్నేహితుడివే. అతనికి కల్లం లేదు, ఊళ్లో సగం మందికి లేదు. ప్రతి రోజూ వచ్చి మంచం పక్కన కూర్చుంటున్నాడు. రక్తం ఇచ్చిన ముగ్గురిలో అతనొకడు. బావ కేసు వద్దంటున్నాడు. నేను పంచాయతీకి కల్లం కోసం అర్జీ రాశాను. ఈలోగా కుప్పల చుట్టూ రాళ్లకు బదులు ఇసుక సంచులు పెట్టి, వాటికి మెరిసే స్టిక్కర్లు అంటించమని చెప్పాం. నిన్న రాత్రి కుర్రాళ్లు పదకొండు కుప్పలకు అంటించారు.

108లో పదేళ్లు
గురువారం, రాత్రి 10:02

ట్రాక్టర్ ట్రాలీల వెనక కూడా అంటించమనండి తమ్ముడూ. ఈ కాలంలో నేను ఎత్తుకొచ్చే వాళ్లలో చాలామంది చీకట్లో ఆగి ఉన్న ట్రాలీని గుద్దినవాళ్లే.

పాత వార్డు సిస్టర్
గురువారం, రాత్రి 10:20

రాడ్డు పడిందిగా, ఇప్పుడు అసలు పని మీ చేతుల్లో ఉంది. నొప్పిగా ఉందని మోకాలు కదపకుండా ఉంచితే బిగుసుకుపోతుంది, రేపు పొలంలో గట్టు మీద కూర్చోలేడు. డాక్టర్ సరేనన్న రోజు నుంచే వంచించు. ఎంత వంగుతోందో నాకు వారం వారం రాయి.

ములుగు రోడ్డు
మూడు వారాల తరువాత, ఆదివారం, సాయంత్రం 5:40

అక్కా, నిన్నటికి 60 డిగ్రీలు వంగుతోంది. బీడీ మానేశాడు.

పాత వార్డు సిస్టర్
ఆదివారం, సాయంత్రం 5:58

తొంభై దాటించండి. మంచం అంచున కూర్చోబెట్టి, బాగున్న కాలితో దాన్ని మెల్లగా వెనక్కి నెట్టమను. పూటకు ఇరవై సార్లు.